ఇంటి అప్పులో ఏజెంటు చేసిన పొరపాటు: నష్టమును న్యాయముగా అడుగుట

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 21:33–36, 22:5–15, లేవీయకాండము 6:1–5, నెహెమ్యా 5:1–13, 1 కొరింథీయులకు 6:1–8.



మన గ్రామ సంఘములలో ఉపాధ్యాయులు, నర్సులు, బస్సు డ్రైవర్లు, చిన్న ఉద్యోగస్థులు అనేకులు ఈ దినములలో బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టుకొనుచున్నారు. కొందరు దగ్గరి పట్టణములో ఫ్లాటు కొనుచున్నారు. వారిలో బ్యాంకు మెట్లెక్కి స్వయముగా మాటలాడువారు కొద్దిమందే. తక్కినవారికి లోను ఏజెంటు దిక్కు. అతడు ఇంటికి వచ్చును, కాగితములు తీసికొనిపోవును, సంతకములు ఎక్కడ పెట్టవలెనో వ్రేలితో చూపించును. పని సరిగా జరిగినప్పుడు అతనివలన మేలే గాని కీడు లేదు. పని చెడినప్పుడు మాత్రము రెండు ప్రశ్నలు మన యెదుట నిలుచును. నష్టపడినవాడు పరిహారము అడుగవచ్చునా? అడిగిన యెడల ఎంత అడుగవలెను?

మొదటి ప్రశ్నమీద ప్రసంగములు చాల విన్నాము. రెండవదానిమీద మాట్లాడువారు అరుదు. అయితే మనవారు తప్పిపోవుచున్నది ఎక్కువగా రెండవదానియందే. ఒకడు "పోనీలే, దేవుడు చూచుకొనును" అని మౌనముగానుండి ఇరువది ఏండ్లు ఆ భారమును మోయును. మరియొకడు వేయి రూపాయల నష్టమునకు లక్ష అడిగి, చివరకు ఆ వేయియు పోగొట్టుకొనును. కాబట్టి ఈ పాఠములో లెక్కయే పెద్దభాగము. ఆదివారపు కూడికలో చదువునప్పుడు ఒక కాగితము, పెన్సిలు దగ్గర పెట్టుకొనుట మంచిది.

ముందుగా మోషే ధర్మశాస్త్రములోని గోతిని చూడుడి. ఒకడు గొయ్యి త్రవ్వి దానిని కప్పక విడిచెను. పొరుగువాని ఎద్దు అందులో పడి చచ్చెను. గొయ్యి త్రవ్వినవాడు ఎద్దును చంపవలెనని కోరలేదు, అతనికి పగ లేదు. అయినను అతడు వెల చెల్లించవలెను. తప్పు ఉద్దేశపూర్వకము కాదనుట నష్టమును మాన్పదు గదా! ఇంతవరకు అందరును చదువుదురు. ఆ వచనముయొక్క చివరి మాటను మాత్రము త్వరగా దాటిపోవుదురు. వెల చెల్లించినవానికి చచ్చిన పశువు చెందును. అనగా ఎద్దు యజమానుడు పూర్తి వెలయు పుచ్చుకొని, తోలును మాంసమును కూడ ఉంచుకొనుటకు వీలులేదు. అతనికి నష్టము ఎంతో అంతయు రావలెను, అంతకు మించి రాకూడదు. పరిహారపు లెక్క అంతయు ఈ ఒక్క గోతిలో ఉన్నది.

దాని ప్రక్కనే రెండు ఎద్దులు పొడుచుకొనిన సంగతి యున్నది. తప్పు ఎవరిదో తేల్చలేనప్పుడు బ్రదికిన ఎద్దును అమ్మి, సొమ్మును పంచుకొందురు, చచ్చినదానిని కూడ పంచుకొందురు. అయితే ఆ ఎద్దు పొడుచునదని యజమానునికి ముందే తెలిసియుండిన యెడల పంపకము లేదు, ఎద్దుకు ఎద్దు ఇయ్యవలసినదే. ఎరిగియుండి ఊరకున్నవాని బాధ్యత పెద్దది. ఇక లేవీయకాండము ఆరవ అధ్యాయములో మోసము చేసి పుచ్చుకొనినవాని సంగతి వేరుగా చెప్పబడెను. అతడు మూలధనమును, దానిమీద అయిదవ వంతును ఇచ్చుకొనవలెను. జక్కయ్య నాలుగంతలు ఇచ్చెదననెను. అది ఒకడు కోర్టులో అడిగి పుచ్చుకొనినది కాదు, పశ్చాత్తాపపడినవాడు తానై ఇయ్యబూనినది. ఈ భేదమును మరువకూడదు. పొరపాటుకు నష్టమును నింపుట చాలును. మోసమునకు అంతకు మించినది కలదు. పొరపాటు చేసినవానిని మోసగాడని పిలుచుట కూడ ఒక అబద్ధమే.

మన దేశపు చట్టము ఈ విషయమున ఏమి చెప్పుచున్నది? 1872వ సంవత్సరపు ఇండియన్ కాంట్రాక్టు చట్టములో 212వ సెక్షను ఏజెంట్లను గూర్చినది. ఏజెంటు తగిన నేర్పుతోను శ్రద్ధతోను పనిచేయవలెను, అతని నిర్లక్ష్యమువలన నేరుగా కలిగిన నష్టమునకు తనను నియమించినవానికి పరిహారము ఇయ్యవలెను, దూరముగా చుట్టుతిరిగి వచ్చిన నష్టమునకు ఇయ్యనక్కరలేదు. 73వ సెక్షను ఒప్పందము తప్పినవారిని గూర్చి ఇట్టిదే చెప్పుచు, నష్టమును తగ్గించుకొనుటకు నష్టపడినవాని చేతిలో ఏ ఉపాయము ఉండెనో దానిని కూడ లెక్కలోనికి తీసికొనవలెనని చేర్చుచున్నది. ఇల్లు అంటుకొనినప్పుడు నీళ్ల బిందె ప్రక్కన పెట్టుకొని చూచుచు కూర్చుండినవాడు ఇల్లంతయు పోయినదని అడుగరాదు.

ఇప్పుడు లెక్కకు వచ్చెదము. ఒక ఉపాధ్యాయుడు 20,00,000 రూపాయలు 20 సంవత్సరముల గడువుకు తీసికొనెననుకొందము. జీతగాండ్రకు వడ్డీ 8.5 శాతమని బ్యాంకు చెప్పెను. ఏజెంటు ఫారము నింపునప్పుడు జీతగాడను చోట వ్యాపారస్థుడని గుర్తుపెట్టెను. వడ్డీ 9 శాతము పడెను. ఉపాధ్యాయుడు రెండు సంవత్సరముల తరువాత, పాఠశాలలో తోటివారితో మాటలాడుచుండగా దీనిని కనుగొనెను. ఆ రెండేండ్లలో వడ్డీ రేట్లు మారలేదని అనుకొందము.

8.5 శాతమునకు నెల కిస్తీ సుమారు 17,356 రూపాయలు. 9 శాతమునకు 17,995. భేదము నెలకు 639. ఈ 639ని 240 నెలలతో హెచ్చించి 1,53,360 రూపాయలు నాకు నష్టమని వ్రాయువారు ఉన్నారు. ఇది తప్పు లెక్క. ఇంకను 216 కిస్తీలు కట్టలేదు గదా! కట్టని కిస్తీమీద నష్టము కలుగలేదు. బ్యాంకు నేడే వడ్డీని సరిచేసిన యెడల ఆ నష్టము ఎన్నటికిని కలుగదు.

కొందరు దీనికి వ్యతిరేకముగా 639ని 24తో హెచ్చించి 15,336 మాత్రమే అడుగుదురు. ఇదియు తప్పే, ఎందుకనగా వడ్డీ ఎక్కువైనప్పుడు కిస్తీలో అసలునకు జమయగునది తగ్గును. రెండేండ్ల తరువాత 8.5 శాతపు అప్పులో మిగులు సుమారు 19,16,900 రూపాయలు ఉండవలెను. 9 శాతపు అప్పులో మిగులు సుమారు 19,21,600. ఆ 4,700 రూపాయలు అప్పుపుస్తకములో దాగియున్న నష్టము. చేతినుండి పోయిన 15,336, పుస్తకములో నిలిచిన 4,700 కలిపిన యెడల ఇంచుమించు 20,000 రూపాయలు. దీనిమీద న్యాయమైన వడ్డీ, వడ్డీ సరిచేయుటకు బ్యాంకు రుసుము ఏదైన పుచ్చుకొనిన యెడల ఆ రుసుము, రాకపోకల ఖర్చు చేర్చవచ్చును. మిగిలిన పదునెనిమిది సంవత్సరములకు వడ్డీ 8.5 లెక్కకు మార్చవలెనని అడుగవలెను. ఈ మార్పు విలువ చేతికి వచ్చు సొమ్ముకంటె చాల ఎక్కువ, అయినను దానిని రూపాయలలో మరల అడిగిన యెడల చచ్చిన ఎద్దును వెలయు రెండును పుచ్చుకొనినట్లగును.

పొరపాటు జరుగకయుండిన యెడల ఈ మనుష్యుడు నేడు ఎక్కడ నిలుచునో అక్కడ అతనిని నిలువబెట్టుటయే పరిహారము. తక్కిన సంగతులను కూడ ఈ కొలతతోనే కొలువవచ్చును. ఒకరికి తెలియకుండ 60,000 రూపాయల ఇన్సూరెన్సు ప్రీమియము అప్పులో కలిపివేసిరనుకొనుడి. ప్రీమియమును దానిమీద పడిన వడ్డీయు తిరిగి రావలెను. పాలసీని వెనుకకు ఇచ్చివేయవలెను. పాలసీని సరెండరు చేసి ఆ సొమ్ము తీసికొని, ప్రీమియము అంతయు మరల అడుగరాదు. పాలసీ చేతికి అందిన 30 దినములలోపల వద్దని వ్రాసి పంపుటకు ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ 2024లో చేసిన నిబంధనలు అవకాశమిచ్చుచున్నవి. కావున కవరు వచ్చిన దినముననే విప్పి చదువవలెను. మనవారు ఇన్సూరెన్సు కవరును విప్పకుండ బీరువాలో బైబిలు క్రింద పెట్టుదురు. బైబిలు క్రింద పెట్టినంతమాత్రమున అది పరిశుద్ధము కాదు.

బయానా సంగతి కొంచెము కష్టమైనది. ఏజెంటు కాగితములు ఆలస్యము చేసినందున గడువు దాటిపోయి, అమ్మువాడు లక్ష రూపాయల బయానా ఉంచుకొనెను. ఏజెంటు ఇయ్యవలెనా? గడువు ఏ తేదీయో ఏజెంటునకు తెలిసియుండిన యెడల, ఆలస్యము నిజముగా అతనిదే యైన యెడల, అడుగుట న్యాయము. గడువు సంగతి అతనికి ఎవరును చెప్పకపోయిన యెడల అతనిమీద ఆ భారమును ఎట్లు మోపుదుము? అమ్మువానిని మరి పదిదినములు అడిగియుండిన యెడల ఒప్పుకొనియుండునా, అడిగితిరా లేదా అని కూడ విచారించుదురు. అందుచేత అగ్రిమెంటు వ్రాసికొనిన దినముననే దాని నకలు ఏజెంటునకు పంపి, గడువు తేదీని ఫోనులో సందేశముగానైనను వ్రాసి పంపుడి. ఆ ఒక్క సందేశము తరువాత సాక్షిగా నిలుచును. ఇక "ఆ ఇల్లు చేజారినందున మూడేండ్లలో పెరుగవలసిన ధర పోయినది" అని అడుగువారు ఉన్నారు. అటువంటిది సాధారణముగా నిలువదు.

సొమ్ముకాని నష్టమును మరువవద్దు. కిస్తీ తేదీని ఏజెంటు తప్పుగా చెప్పుటవలన రెండు కిస్తీలు ఆలస్యమై, సిబిల్ వంటి సంస్థల పుస్తకములలో ఎగవేతదారుడని పేరు పడెననుకొనుడి. ఇక్కడ అడుగవలసిన మొదటి పరిహారము పేరు సరిచేయుటయే. మంచి పేరు గొప్ప ఐశ్వర్యముకంటె కోరదగినదని సామెతల గ్రంథము చెప్పుచుండగా మనము సొమ్మునే మొదట అడుగనేల? దిద్దుబాటు కోరిన 30 దినములలో పని తీరకపోయిన యెడల ఆపైన దినమునకు 100 రూపాయల చొప్పున ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు 2023లో నిర్ణయించినది. అట్లే అప్పు పూర్తిగా తీరిన తరువాత 30 దినములలో ఇంటి అసలు దస్తావేజులు తిరిగి ఇయ్యకపోయిన యెడల, ఆ ఆలస్యము బ్యాంకువలననైనప్పుడు, దినమునకు 5,000 రూపాయలు ఇయ్యవలెనని 2023 సెప్టెంబరులో వచ్చిన సర్క్యులరు చెప్పుచున్నది. ఇది 2023 డిసెంబరు 1 మొదలు తిరిగి ఇయ్యవలసిన దస్తావేజులకు వర్తించును. యిర్మీయా అనాతోతులోని పొలమునకు పదునేడు తులముల వెండి తూచి యిచ్చి, ముద్రవేసిన క్రయపత్రమును ముద్రలేని నకలును మంటికుండలో దాచిపెట్టించెను. పట్టణము ముట్టడిలో ఉండగా ఆయన కాగితములను గూర్చి అంత జాగ్రత్తపడెనే!

ఎవరిని అడుగవలెను? ఏజెంటు ఎవరి మనిషి అను ప్రశ్నకు జవాబు దొరకిన యెడల సగము పని తీరినట్లే. అతనికి కమిషను బ్యాంకు ఇచ్చుచున్నదా, మీరు ఇచ్చితిరా? బ్యాంకు తరపున తిరుగు ఏజెంట్లు చేసిన పనులకు బ్యాంకే బాధ్యత వహించవలెనని రిజర్వు బ్యాంకు 2006లో ఇచ్చిన మార్గదర్శకములలో ఉన్నది. ఏజెంటు తన పనిలో చెప్పిన అబద్ధము యజమానుడు చెప్పినట్లే యగునని కాంట్రాక్టు చట్టములో 238వ సెక్షను చెప్పుచున్నది. కనుక "అతడు మా ఉద్యోగి కాడు" అని బ్రాంచిలో చెప్పిన మాటకు మీరు వెనుదిరిగి రావద్దు. మీరే సొమ్ము ఇచ్చి నియమించుకొనిన స్వతంత్ర బ్రోకరైన యెడల అతడు మీకే జవాబుదారి. వాని గుమాస్తా చేసెనని తప్పించుకొనుటకు వీలులేదు.

అడుగు విధానము ఇది. మొదట బ్రాంచికి, తరువాత ఆ బ్యాంకులో ఫిర్యాదులు విను అధికారికి వ్రాతమూలముగా తెలియజేయవలెను. ఉత్తరము ఒక పుట చాలును. ఏ తేదీన ఏమి చెప్పిరి, ఏమి జరిగినది, నష్టము ఎంత, ఆ లెక్క ఎట్లు వచ్చినది, ఏమి కోరుచున్నారు, ఇంతే. కోపపు మాటలు వ్రాసిన ప్రతి వాక్యము లెక్కను ఒక మెట్టు క్రిందికి దించును. సాంక్షను లెటరు నకలు, ఏజెంటుతో జరిగిన సందేశములు, బ్యాంకు ఖాతా పుట జతచేయవలెను. 2024 అక్టోబరు 1 తరువాత మంజూరైన అప్పులకు, వడ్డీ, రుసుములు, మొత్తము వార్షిక భారము చూపు ముఖ్యాంశముల పత్రమును బ్యాంకు ఇయ్యవలెను. మీకు ఇచ్చిన పత్రమునకు, ఏజెంటు చెప్పిన మాటకు భేదమున్న యెడల అక్కడనే దొరకును.

బ్యాంకు కాదనిన యెడల, లేక 30 దినములలో జవాబు ఇయ్యని యెడల, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ కలడు. 2021 నవంబరు 12న ఆరంభమైన పథకము ప్రకారము రుసుము లేదు, ప్లీడరు అక్కరలేదు, ఫిర్యాదు చండీగఢులోని కేంద్రమునకు తపాలాలో కూడ పంపవచ్చును. నష్టమునకు 20 లక్షల వరకు, కాలయాపనకు మనోవేదనకు లక్ష వరకు ఇప్పించుటకు ఆ పథకము అధికారమిచ్చెను. ఇట్టి హద్దులు మారుచుండును గనుక అర్జీ వ్రాయు దినమున 14448 నంబరునకు ఫోను చేసి కనుగొనుట మేలు. అదే సంగతి కోర్టులో నడుచుచున్న యెడల అక్కడ వినరు. ఆ 2021 పథకములో హౌసింగ్ ఫైనాన్సు కంపెనీలు చేరలేదు. వాటిమీద ఫిర్యాదు నేషనల్ హౌసింగ్ బ్యాంకునకు పంపవలెను. స్వతంత్ర బ్రోకరుమీదనైన యెడల జిల్లా వినియోగదారుల కమిషను తగిన చోటు. అక్కడ 2019 చట్టము ప్రకారము కారణము పుట్టిన రెండు సంవత్సరములలోపల వేయవలెను. ముందుగా సలహా కావలసినవారు 1915కు ఫోను చేయవచ్చును.

ఇంగ్లండులో పనిచేయుచున్న మన పిల్లలనుగూర్చి అడుగువారికి ఒక మాట. అక్కడ ఇంటి అప్పు కుదుర్చు బ్రోకర్లు 2004 అక్టోబరు 31 మొదలు ప్రభుత్వ నియంత్రణ క్రింద ఉన్నారు. ఫిర్యాదునకు కంపెనీ ఎనిమిది వారములలో తుది జవాబు ఇయ్యవలెను. ఆ జవాబు వచ్చిన ఆరు నెలలలోపల ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ యొద్దకు ఉచితముగా వెళ్లవచ్చును. వారును పైన చెప్పిన కొలతనే వాడుదురు.

ఖాళీ ఫారములమీద సంతకము చేయు అలవాటును గూర్చి కఠినముగా చెప్పక తప్పదు. "మనవాడే గదా" అని ఇరువది సంతకములు పెట్టి పంపుదురు. తరువాత అతడు జీతము ఎక్కువ చేసి వ్రాసిన యెడల, దొంగ జీతపు రసీదు జతచేసిన యెడల, క్రింద ఉన్న సంతకము ఎవరిది? అట్టివాడు పరిహారము అడుగబోయి తానే జవాబు చెప్పవలసినవాడగును. కనీసము రెండు ఎద్దుల న్యాయమువలె నష్టము పంచుకొనవలసి వచ్చును. జీతము హెచ్చించి వ్రాసిన సంగతి మీకు తెలిసియుండిన యెడల అది ఏజెంటు పొరపాటే కాదు.

ఇక 1 కొరింథీయులకు ఆరవ అధ్యాయము. అన్యాయము సహించుట మేలుకాదా అని పౌలు అడిగిన ప్రశ్నను చూపి, క్రైస్తవుడు ఏమియు అడుగరాదని కొందరు బోధించుచున్నారు. నేను ఆ భాగమును అట్లు చదువను. అక్కడ సహోదరుడు సహోదరునిమీద వ్యాజ్యెమాడుచుండెను, అదియు అన్యాయము చేయుటకు. అదే పౌలు ఫిలిప్పీలో విచారణ లేకుండ కొట్టించిన అధికారులు స్వయముగా వచ్చి తమను వెలుపలికి తీసికొనిపోవలెననెను, కైసరు ఎదుట చెప్పుకొందుననెను. నెహెమ్యా కాలములో కరవునకు, రాజుగారి పన్నుకు పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువపెట్టిన పేదలు మొరపెట్టిరి. ఆయన వారిని సహించుడని పంపివేయక, సభ కూర్చి, పొలములను, నూరవ భాగముగా తీసికొనిన వడ్డీని ఆ దినముననే తిరిగి ఇప్పించెను. తన సొంత చొక్కాను ఒకడు విడిచిపెట్టవచ్చును. ఇంటి అప్పు భార్యయొక్కయు పిల్లలయొక్కయు పైకప్పు సంగతి. కిస్తీ కట్టువాడు ఒక్కడే దానిని క్షమించివేయుటకు అతనికి హక్కు ఎంతవరకు కలదో ఇంటిలో కూర్చుండి మాటలాడుకొనవలెను.

ఏజెంటు మన సంఘస్థుడే యైన యెడల మార్గము వేరు. మత్తయి 18వ అధ్యాయము ప్రకారము ఒంటరిగా వెళ్లి, లెక్క చూపించవలెను. పలుమారు అతనికే తన తప్పు తెలిసియుండదు. వినని యెడల ఇద్దరు పెద్దలను తీసికొనిపోవలెను. మన పెద్దలలో వడ్డీ లెక్క తెలిసినవారిని, పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పనిచేసి రిటైరైనవారిని ఇందుకు నియమించుట మేలు. ప్రార్థన చేయగలవారు చాలమంది ఉన్నారు, 8.5కు 9కి భేదము కట్టగలవారు కొందరే. అయితే ఈ ప్రయత్నములో గడువులు దాటిపోకుండ చూచుకొనవలెను. బ్యాంకునకు వ్రాయవలసిన ఉత్తరము పెద్దల కూడికకొరకు ఆగనక్కరలేదు.

బ్యాంకుగాని బ్రోకరుగాని కొంత సొమ్ము ఇయ్యజూపి, "ఇంతటితో సమస్తము తీరినది" అను కాగితముమీద సంతకము అడుగుదురు. ఆ దినముననే సంతకము చేయవద్దు. వడ్డీ సరిచేసినట్లు, సిబిల్‌లో పేరు దిద్దినట్లు ఆ కాగితములో ఉన్నదో లేదో చూడుడి. లేనియెడల వ్రాయించుడి. వ్రాసి సంతకము చేసిన తరువాత మరల అడుగవద్దు. ఏజెంటు బీదవాడై ఒక్కసారి ఇయ్యలేని యెడల, పెద్దల యెదుట నెలకు ఇంత అని వ్రాసికొనవచ్చును. ఒనేసిము బాకీని పౌలు తన లెక్కలో వేయుమని ఫిలేమోనుకు వ్రాసినట్లు, అతని తరపున కొంత భాగము పూచీపడు బంధువు ఎవరైన ఉన్న యెడల ఆ పేరును అదే కాగితములో చేర్చి, రెండు నకళ్లు తీసి చెరియొకటి ఉంచుకొనవలెను.